రాణి పాట ఉంది, రాణి ఊసు లేదు

హవాయి దీవులకు సెలవుల్లో వెళ్ళివచ్చిన మనవాళ్ళ ఇళ్ళలో లువావు అనే హవాయి విందు ప్రస్తావన వస్తే సాధారణంగా రెండు అభిప్రాయాలు వినిపిస్తాయి. మెడలో పూలదండ వేశారు, సముద్రపు ఒడ్డున కూర్చోబెట్టి భోజనం పెట్టారు, నాట్యం చూపించారు, పిల్లలు సంతోషించారు, ఫొటోలు బాగా వచ్చాయి అనేది మొదటిది. అదంతా పర్యాటకుల కోసం కట్టిన వేషమనీ, హవాయి వాళ్ళ అసలైన విందుకూ దానికీ సంబంధమే లేదనీ, అంత డబ్బు పోసి నకిలీ సరుకు కొనుక్కోవడం తెలివితక్కువతనమనీ అనేది రెండవది. ఈ రెండవది చదువుకున్నవాళ్ళ అభిప్రాయంగా చెలామణీ అవుతుంది కాబట్టి దానికి గౌరవం ఎక్కువ. ఆ గౌరవం దానికి దక్కవలసినది కాదని నేనంటాను. లువావులో తప్పు పట్టవలసినది నిజంగానే ఉంది. కానీ అది వంటకాల జాబితాలోనో, ఏ నాట్యం ఏ దీవి నుంచి వచ్చిందన్న లెక్కలోనో లేదు. ఆ సాయంత్రం మొత్తంలో ఎవరి పేరు వినిపించలేదన్న విషయంలో ఉంది.

మేము కాలిఫోర్నియాలో ఉంటాం. తెనాలి నుంచి మా అమ్మ వచ్చి మాతో ఉన్న వేసవిలో, అమ్మనూ పిల్లలనూ తీసుకుని నేనూ నా భార్యా ఒవాహు దీవికి వెళ్ళాం. తీరంలో ఉన్న ఒక రిసార్టు పచ్చికలో లువావు జరిగింది. పెద్దవాళ్ళకు వంద డాలర్లు దాటిన టిక్కెట్టు, వరుసగా పరిచిన పొడవాటి బల్లలు, సూర్యుడు దిగుతున్న వేళకు సరిగ్గా అమర్చిన కార్యక్రమం. నేలలో తవ్విన ఇము అనే గోతిపొయ్యి నుంచి ఇద్దరు యువకులు మట్టినీ, గోనెపట్టాలనూ, వాడిన ఆకులనూ ఒక్కొక్కటిగా తొలగించి, ఎర్రగా కాల్చిన రాళ్ళ మధ్య గంటల తరబడి మగ్గిన పందిని బయటకు తీశారు. అక్కడున్న వందల మందికి ఆ ఒక్క పంది సరిపోదని ఎవరికైనా తెలుస్తుంది. మిగిలినది లోపలి వంటశాల నుంచే వస్తుంది. వ్యాఖ్యాత అందరిచేతా గట్టిగా హవాయి పలకరింపు ‘అలోహా’ అనిపించాడు, చాలలేదని మళ్ళీ అనిపించాడు, కొత్తగా పెళ్ళైన జంటలను లేపి నిలబెట్టాడు, పర్యాటకులను వేదిక మీదికి పిలిచి నడుము తిప్పించాడు. చివరకు మంటల కత్తి నాట్యం. మా అబ్బాయికి ఆ రాత్రి అదొక్కటే గుర్తుంది.

నకిలీ అనేవాళ్ళ అభియోగపత్రం చాలా పెద్దదే, పైగా అందులోని అంశాలు చాలావరకు నిజం. మంటల కత్తి నాట్యం పసిఫిక్‌లోని వేరే దీవులైన సమోవాది. నడుము అతివేగంగా కదిలే డప్పుల నాట్యం తహితీది. పళ్ళెంలో ఉల్లి, టమాటాలతో కలిపి పెట్టే లోమి సాల్మన్‌లోని చేప హవాయి సముద్రాలలో దొరకదు. ఉత్తర అమెరికా పశ్చిమ తీరం నుంచి వర్తకపు ఓడలలో ఉప్పుచేపగా వచ్చింది. కోడిమాంసంతో వండే సన్నని సేమియా చైనా కూలీల ద్వారా వచ్చింది. ఉకులేలే అనే చిన్న తంత్రీవాద్యానికి మూలం 1879లో మదీరా దీవి నుంచి చెరకు తోటలలో పనికి వచ్చిన పోర్చుగీసు వాళ్ళు తెచ్చిన వాయిద్యం. మెడలో వేసే దేవగన్నేరు పూలు కూడా అమెరికా ఖండపు ఉష్ణప్రాంతాల మొక్కవే, 1860లో అక్కడ నాటారు. పెద్దల చేతికి ఇచ్చే మాయ్ టాయ్ అనే పానీయం 1944లో కాలిఫోర్నియాలోని ఓక్లండ్‌లో పుట్టింది. ఇవన్నీ ఏకరువు పెట్టి, చూశారా, ఇందులో హవాయిది ఏముంది అని అడిగితే వినేవాడు నోరు మూసుకోవలసిందే అన్నట్టు ఉంటుంది.

ఆ లెక్కనే వెనక్కి తీసుకువెళితే, స్త్రీపురుషులు ఒకే బల్ల దగ్గర కూర్చుని తినడమే సంప్రదాయ విరుద్ధం. పాత హవాయిలో కపు అనే నియమ వ్యవస్థ ప్రకారం ఆడవాళ్ళూ మగవాళ్ళూ విడివిడిగా తినాలి. పందిమాంసం, కొబ్బరి, చాలా రకాల అరటిపండ్లు, కొన్ని చేపలు స్త్రీలకు నిషిద్ధం. తప్పితే శిక్ష మరణం దాకా ఉండేది. 1819లో మొదటి కమేహమేహ రాజు చనిపోయిన కొన్ని నెలలకు, కొత్త రాజు లిహోలిహో తన తల్లి కెఓపుఓలానీ, సవతితల్లి కఅహుమాను ప్రోద్బలంతో అందరి ఎదుటా స్త్రీల బల్ల దగ్గర కూర్చుని తిన్నాడు. క్రైస్తవ మిషనరీలు అడుగుపెట్టింది 1820లో. అంటే ఈ మార్పు బయటివాళ్ళ బోధతో వచ్చినది కాదు, ఇద్దరు రాణులు పట్టుబట్టి తెచ్చుకున్నది. ఈ రోజు మనం చూసే, అందరూ కలిసి కూర్చునే విందు ఆ ధిక్కారం లేకపోతే లేదు. అమ్మకు ఈ సంగతి చెబితే, “మా అత్తగారింట్లో మగవాళ్ళ పంక్తి లేచి ఆకులు తీసేదాకా మాకు మెతుకు లేదు. ఆ రాణి మా ఊళ్ళో పుట్టకపోయె” అంది.

విదేశీ అతిథుల కోసం విందు చేయడమూ నిన్నటి హోటళ్ళు కనిపెట్టినది కాదు. మూడవ కమేహమేహ 1847లో ఇచ్చిన మహావిందుకు 271 పందులు వండారని లెక్కలున్నాయి. 1874 నుంచి 1891 వరకు పాలించిన కలాకౌవా రాజు దేశదేశాల వాళ్ళకు లువావులు ఇచ్చాడు. 1889లో స్కాట్లండ్ రచయిత రాబర్ట్ లూయీ స్టీవెన్సన్ కుటుంబంతో సహా ఆ రాజు, ఆయన చెల్లెలు కూర్చున్న పంక్తిలో నేల మీద కూర్చుని తింటున్న ఛాయాచిత్రం ఇప్పటికీ ఉంది. ఈ కలాకౌవా 1881లో భూగోళం చుట్టి వచ్చిన రాజు. ఆ దారిలో మన కలకత్తా, బొంబాయి కూడా చూశాడు. లోకం చూసిన మనిషి, పరాయివాళ్ళకు పెట్టే విందు తన రాజ్యానికి మర్యాద తెస్తుందని లెక్క వేసుకునే పెట్టాడు.

అసలు లువావు చూడాలి, నకిలీది వద్దు అని పట్టుబట్టేవాళ్ళు మరొక సంగతి ఆలోచించరు. అసలు లువావులు ఎక్కడికీ పోలేదు. బిడ్డ మొదటి పుట్టినరోజుకు, పెళ్ళికి, చదువు ముగిసిన సందర్భానికి ఇంటి పెరట్లోనో, బడి ఆవరణలోనో, చర్చి మైదానంలోనో చుట్టాలూ ఇరుగుపొరుగూ కలిసి ముందురోజే గొయ్యి తవ్వి చేసుకుంటూనే ఉన్నారు. మొదటి పుట్టినరోజుకు అంత ప్రాముఖ్యం ఉండడం వెనుక బాధ ఉంది. కెప్టెన్ కుక్ ఓడలు వచ్చిన 1778లో లక్షల సంఖ్యలో ఉన్న ఆ జాతి, బయటి నుంచి వచ్చిన రోగాల వల్ల 1890 జనాభా లెక్కల నాటికి సుమారు నలభై వేలకు పడిపోయింది. బిడ్డ ఏడాది నిండి బతికిందంటే ఊరంతా పిలుచుకుని తినవలసిన కాలం అది. ఆ విందుకు పిలుపు లేకుండా వెళ్ళే హక్కు పర్యాటకుడికి లేదు. డబ్బిచ్చి వెళ్ళేవాడికి, డబ్బు తీసుకుని పెట్టే విందే తగినది. అది అమ్మకానికి పెట్టినదని వెక్కిరించడంలో, అమ్మకానికి పెట్టని వాటిలోకి కూడా తొంగిచూడాలన్న ఆశ దాగి ఉందని నా అనుమానం.

ఇక పళ్ళెం విషయం. అమ్మ శాకాహారి. ఆ బఫే వరుసలో ఆమెకు దొరికినవి చిలగడదుంప, అన్నం, ఆకుకూరల సలాడ్, కొబ్బరిపాలు గడ్డకట్టించిన హౌపియా, ఒక చిన్న కాగితపు గిన్నెలో బూడిదరంగు కలిసిన ఊదా ముద్ద. ఆ ముద్దే పోయ్. మా పక్క బల్ల వాళ్ళు దాన్ని చెంచాతో ముట్టుకుని, మొహాలు చిట్లించి, ఫొటో తీసుకుని వదిలేశారు. అమ్మ వేలితో తీసి నాకి, “చేమదుంపే కదట్రా ఇది? తరవాణిలా పులిసింది” అని గిన్నె ఖాళీ చేసి మరొకటి తెమ్మంది. వడ్డిస్తున్న పెద్దావిడ ఆమె వంక చూసి నవ్వి, మా ఇళ్ళలో కూడా పెద్దవాళ్ళకు పులిసినదే ఇష్టం, ఇక్కడ మాత్రం తాజాదే పెట్టమంటారు, ఇవాళ ఎలాగో పులిసింది అంది. చేమాకును కొబ్బరిపాలలో కోడిమాంసంతో ఉడికించిన వంటకాన్ని చూపిస్తే, ఆకు దురద పెట్టదా అని అడగమంది అమ్మ. గంటల కొద్దీ ఉడకకపోతే గొంతు పట్టుకుంటుందని ఆవిడ చేత్తో అభినయించి చూపింది. ఇంగ్లీషు రాని మా అమ్మకూ, తెలుగు రాని ఆవిడకూ మధ్య ఆ రాత్రి జరిగిన సంభాషణలో నా అనువాదం అవసరమైనది కొంచెమే.

చేమ ఆసియాలో పుట్టిన పంట. పాలినీసియా నావికులు పసిఫిక్ మహాసముద్రాన్ని పడవల మీద దాటినప్పుడు పిలకలు తీసుకుని వెళ్ళారు. హవాయి వాళ్ళు దానిని కాలో అంటారు. వాళ్ళ పుట్టుక కథలో ఆకాశ పితరుడైన వాకియా తొలి కొడుకు ప్రాణం లేకుండా పుడితే, పాతిపెట్టిన చోట చేమమొక్క మొలిచింది. తరువాత పుట్టిన మనిషిబిడ్డకు ఆ అన్న పేరే, హాలోవా అని, పెట్టారు. అందుచేత చేమ వాళ్ళకు ఇంటి పెద్దకొడుకు. పోయ్ గిన్నె మూత తీసి ఉన్నంతసేపు ఇంట్లో తగవు పడకూడదన్న నియమం ఆ బంధుత్వం నుంచే వచ్చింది. నూరిన ముద్ద చిక్కదనాన్ని కూడా ఎన్ని వేళ్ళతో తీసుకోవలసి వస్తుందన్న దానితో కొలుస్తారు: ఒక వేలిది చిక్కన, మూడు వేళ్ళది పలుచన.

మరి అంతటి అన్నం అంత చిన్న కాగితపు గిన్నెలోకి ఎందుకు కుదించుకుపోయింది? చేమ మడికి చల్లటి పారే నీళ్ళు కావాలి. 1870ల చివరి నుంచి చెరకు కంపెనీలు తూర్పు మావీ దీవిలోని వాగులను కాలువలు తవ్వి తోటల వైపు మళ్ళించాయి. కింద ఉన్న చేమ మడులు ఎండాయి. హవాయిలో చివరి పెద్ద చెరకు తోట 2016లో మూతపడింది. నీళ్ళు ఎవరివన్న వివాదం అంతకుముందూ ఉంది, ఆ తరువాతా ఉంది. ఈ రోజు పండే చేమలో అధికభాగం కవాయి దీవిలోని హనలేయి లోయ నుంచి వస్తుంది, పోయ్ ధర స్థానికులకే భారంగా ఉంటుంది. ఆ సాయంత్రం వ్యాఖ్యాత పోయ్ గురించి చెప్పినది ఒకే ఒక్క హాస్యం: అది గోడకు కాగితాలు అతికించే జిగురులా ఉంటుందని. జనం నవ్వారు. నకిలీ అని ఎవరైనా అనదలచుకుంటే ఆ మాటను అనవచ్చు. పోయ్ నిఖార్సయినది, దాని మీద చెప్పిన మాట నకిలీది.

హవాయి నాట్యమైన హూలా విషయంలోనూ ఇదే జరిగింది. మెరిసే రంగుల గుడ్డలలో, గిటార్ వరసల మీద సాగిన నాట్యాన్ని చూసి ఇది పాత హూలా కాదని పెదవి విరిచేవాళ్ళుంటారు. పాతదీ కొత్తదీ రెండూ హూలాయే, రెంటికీ గురువులున్నారు, రెంటికీ ఏళ్ళ తరబడి సాధన ఉంది. చెప్పవలసిన కథ వేరే ఉంది. 1819లో నియమాలను బద్దలుకొట్టిన కఅహుమాను రాణే క్రైస్తవం స్వీకరించిన తరువాత 1830లో బహిరంగంగా హూలా ఆడరాదని ఆజ్ఞ వేసింది. నాట్యం మారుమూల పల్లెలలోకి, ఇళ్ళలోకి తలదాచుకుంది. కలాకౌవా 1883లో తన పట్టాభిషేకానికి హొనొలులులోని ఇయోలానీ ప్యాలెస్ ఆవరణలో దానిని తిరిగి అందరి ముందుకు తెచ్చాడు. ఆ హూలా పాటల జాబితాను అచ్చు వేసినందుకు ముద్రాపకుడి మీద అశ్లీలత కేసు నడిచింది. రాజు పట్టాభిషేకపు కార్యక్రమ పత్రం మీద కేసు! దేవదాసీల నాట్యాన్ని ఊళ్ళ నుంచి తరిమి, తరువాత దానినే సభలలో గౌరవించిన మన ప్రాంతపు చరిత్ర తెలిసినవాళ్ళకు ఇందులో వింత కనిపించదు. ఆ తరువాత పర్యాటకులు వచ్చారు. 1937లో వైకీకీలో కోడాక్ హూలా ప్రదర్శన మొదలైంది. ఫొటో ఫిల్ములకు వెలుతురు కావాలి కాబట్టి నాట్యాన్ని పగటిపూట ఆడించారు. అది 2002 దాకా నడిచింది. ఇంకొక వంక 1963లో హిలో పట్టణంలో కలాకౌవా పేరిట మెర్రీ మోనార్క్ (ఉల్లాసపు రాజు) ఉత్సవం మొదలై, హూలా బృందాల పోటీలకు పెద్ద వేదికగా ఎదిగింది. మేము చూసిన నర్తకీమణుల్లో ఎవరైనా పగలు ఏ గురువు దగ్గర నేర్చుకుంటున్నారో, హిలో వేదిక మీద ఎప్పుడైనా నిలిచారో అడగాలనిపించేది. ఒక్కరి పేరు కూడా వ్యాఖ్యాత చెప్పలేదు.

నా అసలు ఫిర్యాదు ముగింపు పాటతో. దీపాలు తగ్గించి, అందరినీ లేచి పక్కవాళ్ళ చేతులు పట్టుకోమని, ‘అలోహా ఓయె’ పాడించారు. వీడ్కోలు పాటగా లోకమంతటికీ తెలిసిన ఆ గీతాన్ని కలాకౌవా చెల్లెలు లిలియుఓకలానీ 1878 ప్రాంతంలో రచించింది. 1891లో ఆమె రాణి అయింది. 1893 జనవరి 17న, చెరకు వ్యాపారంతో, మిషనరీ కుటుంబాలతో ముడిపడిన ఒక చిన్న గుంపు, అమెరికా రాయబారి అండతో, రేవులోని యుద్ధనౌక నుంచి దిగిన సైనికుల నీడలో, ఆమెను గద్దె దించింది. 1895లో ఆమె పక్షం వాళ్ళ తిరుగుబాటు విషయం తెలిసి దాచిందన్న నేరం మీద, ఆమెను తన సింహాసనం ఉన్న గదిలోనే విచారించి, అదే ప్యాలెస్ మేడ మీది గదిలో నెలల తరబడి బంధించారు. 1898లో అమెరికా ఆ దీవులను కలుపుకుంది. 1993లో అమెరికా కాంగ్రెసు ఆ కూలదోతకు తీర్మానపూర్వకంగా క్షమాపణ చెప్పింది; అధ్యక్షుడు క్లింటన్ సంతకం చేశాడు. ఇవేవీ వివాదాస్పదమైన రహస్యాలు కావు, ప్రభుత్వమే ఒప్పుకున్న సంగతులు. అటువంటిది, ఆమె పాటను వందల మంది చేత పాడించి, రాసింది ఎవరో, ఆమెకు ఏమయిందో ఒక్క ముక్క చెప్పకపోవడం నాకు మింగుడుపడలేదు. సాల్మన్ చేప ఎక్కడిదైతే ఏమిటి? ఆ ఇంటి విందు తిని, ఆ ఇంటి యజమానురాలి పాట పాడి, ఆమె ఎవరని అడగకుండా లేచి వచ్చేటట్టు చేయడమే ఆ కార్యక్రమపు లోటు.

విందుకు వచ్చినవాళ్ళు విశ్రాంతికి వస్తారు, చరిత్ర పాఠానికి రారు అని నా భార్య అభ్యంతరం చెప్పింది. పిల్లలు అలసిపోయి ఉంటారు, తాగినవాళ్ళుంటారు, అక్కడ రాజ్యం పోయిన కథ ఎవరు వింటారు అంది. ఆ మాటలో న్యాయం లేకపోలేదు. కానీ చెప్పి కూడా నడిపినవాళ్ళున్నారు. మావీ దీవిలో 1986లో మొదలైన ఓల్డ్ లహైనా లువావు మంటల కత్తిని పక్కన పెట్టి, పాలినీసియన్ల రాక నుంచి మిషనరీల కాలం మీదుగా నేటి వరకు హవాయి కథను హూలాతోనే వరుసగా చెబుతుంది. జనాదరణకు లోటు రాలేదు. 2023 ఆగస్టు 8న లహైనా పట్టణం దగ్ధమై వందమందికి పైగా చనిపోయిన ఘోరం తరువాత కూడా, 2024లో దానిని తిరిగి తెరిచారు. లహైనా అంటే హవాయి రాజ్యానికి ఒకనాటి రాజధాని. అక్కడి పాత న్యాయస్థానం పక్కనున్న, 1873లో నాటిన మర్రిచెట్టు భారతదేశం నుంచి వచ్చిన మొక్క; మంటల్లో మాడి, మళ్ళీ చిగిర్చింది.

ఇంతకంటే గట్టి అభ్యంతరం హవాయి వాళ్ళ నుంచే ఉంది. 2021లో మరణించిన హౌనానీ-కే ట్రాస్క్ అనే హవాయి మేధావి, పర్యాటక రంగం తన జాతి సంస్కృతిని అంగడి సరుకుగా మార్చిందనీ, తన దేశానికి దయచేసి రావద్దనీ సూటిగా రాసింది. లహైనా మంటల తరువాత రెండు నెలలకే పశ్చిమ మావీని పర్యాటకులకు తెరిచినప్పుడు, ఇల్లు కాలినవాళ్ళలో చాలామంది వద్దన్నారు, హోటళ్ళ పనే ఆధారమైనవాళ్ళలో చాలామంది రమ్మన్నారు. బయటివాడిగా ఆ తగవు తీర్చే అర్హత నాకు లేదు. ఒకటి మాత్రం గమనించాను: ట్రాస్క్ వాదన భూమి గురించి, అధికారం గురించి, కూలి గురించి. సేమియా చైనాది కాబట్టి విందు నకిలీ అని ఆమె బాధపడలేదు. మనం పళ్ళెం చూసి చేసే విమర్శ, ఆమె లేవనెత్తిన ప్రశ్నల జోలికి పోకుండానే మేధావులమనిపించుకునే చవకైన మార్గం.

హవాయి వెళ్ళే చుట్టాలు ఏ లువావు మంచిదని నన్ను అడుగుతూ ఉంటారు. నిర్వహించేది ఎవరో, నాట్యం నేర్పిన గురువు పేరు వాళ్ళ ప్రకటనలో ఉందో లేదో చూడమంటాను. పేరు ఉంటే బాధ్యత కూడా ఉంటుంది. పిల్లలున్నవాళ్ళు ఒవాహు వెళితే, లువావుకు ముందే ఒక పూట ఇయోలానీ ప్యాలెస్ చూడమంటాను. మేము మరునాడు చూశాం. రాణిని బంధించిన గదిలో, ఆ నెలలలో ఆమె తన వాళ్ళతో కలిసి కుట్టడం మొదలుపెట్టిన గుడ్డముక్కల దుప్పటి అద్దాల పెట్టెలో ఉంది. మా అమ్మాయి దాని ముందు నిలబడి, “నిన్న మనం పాడింది ఈవిడ పాటేనా? మరి నిన్న ఎందుకు చెప్పలేదు?” అని అడిగింది. ఆ ప్రశ్నను ఆ రిసార్టు వాళ్ళకే రాసి పంపమని కాగితం ఇచ్చాను. తన ఇంగ్లీషులో, తన దస్తూరీతో రాసి పంపింది. జవాబు ఇంకా రాలేదు.